సోరియాసిస్‌తో రిటైరయ్యారా? అప్పీలుకు దారి ఉంది

మంచు కొండల్లోనో, ఎడారి ఎండల్లోనో ఏళ్ల తరబడి కాపలా కాసి ఊరికొచ్చారు. మోచేతులు, మోకాళ్ల మీద ఎర్రటి మచ్చలు, తెల్లటి పొలుసులు. మెడికల్ బోర్డు ‘సోరియాసిస్’ అని రాసి, పక్కనే ‘సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో పెరగలేదు’ అంది. ఆ ఒక్క వాక్యంతో వైకల్య పింఛను ఆగిపోతుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత మాజీ సైనికుల్లో ఎవరి చేతిలోనైనా ఇలాంటి కాగితం ఉంటే.. అదే ఆఖరి మాట కాదు.

ఒంటి తత్వమేనా?
సోరియాసిస్‌లో జన్యువుల పాత్ర నిజమే. కానీ చలి, పొడిగాలి, మానసిక ఒత్తిడి, చర్మం ఒరుసుకుపోవటం, గొంతు ఇన్‌ఫెక్షన్ దాన్ని రెచ్చగొడతాయి. మలేరియాకు వాడే క్లోరోక్విన్ కూడా కొందరిలో పెంచుతుంది. జబ్బు సర్వీసు వల్లే పుట్టిందని చూపలేకపోయినా, సర్వీసు పరిస్థితుల వల్ల పెరిగిందని తేలితే చాలు.

కోర్టు ఏమంది?
చేరేటప్పుడు రికార్డులో జబ్బు ప్రస్తావన లేకపోతే ఆరోగ్యంగా చేరినట్టే లెక్క. సర్వీసుతో సంబంధం లేదని కారణాలతో చూపాల్సింది సైన్యమే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిటైరైన వారికి వైకల్యం సాధారణంగా 20 శాతమైనా ఉండాలి. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి కాబట్టి మీకు ఏవి వర్తిస్తాయో ముందుగా కనుక్కోండి.

ఎక్కడికి వెళ్లాలి?
తిరస్కరణ అందిన 6 నెలల్లోపు మొదటి అప్పీలు వేయాలి. అక్కడా కాదంటే రెండో అప్పీలు, ఆపైన సాయుధ దళాల ట్రిబ్యునల్. తెలుగు రాష్ట్రాలు చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. ఏళ్లు గడిచినా ఆశ వదలొద్దు. అయితే ఆలస్యానికి మూల్యం ఉంది. 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పు ప్రకారం పాత బకాయిలు కేసు వేయటానికి ముందు 3 ఏళ్లకే పరిమితమవుతాయి. దరఖాస్తు విషయంలో సందేహాలుంటే నిజామాబాద్‌లోని ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.

ఇవి దాచుకోండి
* చేరినప్పటి, రిటైరైనప్పటి మెడికల్ బోర్డు కాగితాలు
* మచ్చలు మొదట కనిపించిన ఏడాది, అప్పటి పోస్టింగు వివరాలు
* సైనిక ఆసుపత్రి డిశ్చార్జి పత్రాలు
* ఇప్పుడు స్థానిక ఆసుపత్రిలో చూపించుకుంటుంటే ఓపీ చీటీలు, తేదీ వేసిన ఫొటోలు

వైద్యం ఆపొద్దు
శాతం తగ్గుతుందేమోనని మందులు మానేయొద్దు. స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా ఆపితే జబ్బు ఒళ్లంతా విజృంభించవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ పూతలూ ప్రమాదమే. మచ్చలు ఎంత మేర ఉన్నాయో మీరే అంచనా వేసుకోవచ్చు: వేళ్లతో కలిపి మీ అరచేయంత మచ్చ ఒంట్లో సుమారు 1 శాతం. ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకుంటుంటే, వేళ్లు వాస్తుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. సోరియాసిస్ కీళ్లనూ దెబ్బతీస్తుంది. ఆ సంగతి ఆసుపత్రి కాగితం మీదికీ ఎక్కాలి.