మూత వేస్తే లాప్‌టాప్ ఎందుకు నిద్రపోతుంది?

లాప్‌టాప్ మూత వేయగానే తెర ఆరిపోతుంది. మూత పడిందని దానికెలా తెలుసు?

చాలా లాప్‌టాప్‌లలో తెర అంచున చిన్న అయస్కాంతం దాగి ఉంటుంది. దానికి ఎదురుగా, కీబోర్డు వైపు, బుల్లి సెన్సర్ ఉంటుంది. అయస్కాంతం దగ్గరికి రాగానే సెన్సర్‌లో పారే విద్యుత్తు కాస్త పక్కకు ఒరుగుతుంది. అక్కడ చిన్న వోల్టేజి పుడుతుంది. 'మూత పడింది' అని చెప్పే కబురు అదే. అది అందగానే లాప్‌టాప్ నిద్రలోకి వెళ్తుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ 1879లో పల్చని బంగారు రేకు మీద ఈ సంగతి కనిపెట్టాడు. అందుకే దీని పేరు హాల్ సెన్సర్. అయస్కాంతం ఉన్న వాచీ పట్టీ సరిగ్గా అక్కడ ఆనితే, మూత తెరిచి ఉన్నా కొన్ని లాప్‌టాప్‌లు నిద్రలోకి జారుకుంటాయి!

మరి మూత వేసేసి, పెద్ద మానిటర్ మీద పని చేసుకోవాలంటే? విండోస్‌లో పవర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, మూత వేసినా ఏమీ చేయవద్దని ఎంచుకోవాలి. మ్యాక్‌బుక్‌కైతే మానిటర్‌తో పాటు ఛార్జరు, విడి కీబోర్డు, మౌస్ కలిపితే సరి.

అసలు జాగ్రత్త వేడి దగ్గర. కొన్ని లాప్‌టాప్‌ల వేడి కీబోర్డు సందుల్లోంచి, మడత దగ్గరి కంతల్లోంచి బయటికి పోతుంది. మూత వేస్తే ఆ దారి ఇరుకవుతుంది. గాలి ఆడే చోట పెట్టండి, పరుపు మీద వద్దు. సెట్టింగ్ మార్చాక మూత వేసినా లాప్‌టాప్ మేలుకునే ఉంటుంది కాబట్టి, సంచిలో పెట్టేముందు తప్పకుండా షట్‌డౌన్ చేయండి.