కొర్రలకు గిరాకీ వచ్చింది, మరి కూలోళ్లకు?

ఓర్వకల్లు వైపు మెట్టచేలల్లో కొర్ర, జొన్న విత్తిందీ, కలుపు తీసిందీ, దంచి వండిందీ ఎక్కువగా మాల మాదిగ ఆడోళ్లే. తినేవాళ్లు తక్కువ కులపోళ్లు గనుక అది తక్కువ కూడయింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కేంద్రం ఆ గింజలకు 'శ్రీ అన్న' అని పేరు పెట్టింది. శ్రీ తగిలిస్తే తప్ప పెద్దింటి గడప దొక్కలేకపోయిన కూడు ఇది!

మార్కెట్ దానంతటది పుట్టదు, ఎవరో కొనాలి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, కాదనలేం. కానీ సర్కారే వడ్లు కొని డిపోలో బియ్యమే ఇస్తుంటే కొర్రను కొనేదెవరు? కేంద్రం మద్దతు ధరల 2024-25 జాబితాలోనూ జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు.

మందు కొట్టని పంటకు ఇంకో చిక్కుంది. మందు కొట్టలేదని గింజను చూసి చెప్పలేం. కొనేవాడు కాగితం అడుగుతాడు. సేంద్రియ సర్టిఫికెట్ కావాలంటే చేను సాధారణంగా కనీసం రెండేళ్లు మందుల్లేకుండా ఉండాలి. సొంత చేను లేని దళితుడు పట్టేది ఏడాది గుత్త. 2019 నాటి కౌలుదారుల చట్టం ఇచ్చిన కార్డు గడువు 11 నెలలు, అదీ భూయజమాని సంతకం పెడితేనే. అంటే చేను బాగుచేసేది గుత్తరైతు, ఎక్కువ ధర వచ్చేనాటికి చేను ఆసామిది.

ఓర్వకల్లులో 1990ల మధ్య నుంచే పొదుపు సంఘాల ఆడోళ్లు మండల సమాఖ్యగా నిలబడ్డారు. తర్వాత రాష్ట్రంలో ఇలాంటి సంఘాల ద్వారానే పురుగుమందుల్లేని సాగు నడిచింది. వేపగింజ ఏరి, కషాయం కాచి అమ్మడం భూమి లేనోళ్లకూ చేతనయ్యే బేరం. అయితే అప్పు ఇంటింటికీ విడిగా పోయినంత కాలం భూమి లెక్క మారదు.

జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు, వాటిలో ఎక్కువమంది దళిత స్త్రీలు, 1990లలో ఇంకో దారి తొక్కాయి. బీళ్లు దున్నడానికి అప్పిచ్చి, దాన్ని జొన్నల్లోనే కట్టించుకున్నారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి పేదింటోళ్లకు చౌకగా ఇచ్చారు. మొదటి కొనుగోలుదారు ఊరే. మందు కొట్టలేదని చెప్పడానికీ ఒకరి చేను ఒకరు చూసి హామీ ఇచ్చే పద్ధతి తర్వాత వచ్చింది.

ఓర్వకల్లు సంఘాలు గుత్తను ఐదేళ్లకు సంఘం పేరనే రాయించుకుంటే సర్టిఫికెట్టూ ఆ పేరనే అడగొచ్చు. అందుకు ఆసాములు సంతకం పెట్టాలి. కొర్రల ధర పెరిగేకొద్దీ వాళ్ల చెయ్యి వెనక్కే పోతుంది.