దేశదేశాల మిఠాయిలు - చిన్నపిల్లలకు పెట్టేముందు

క్రిస్మస్, నూతన సంవత్సర దినాలలో ఇంట్లో తీపికి కొదువ ఉండదు. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులకు తోడు, గల్ఫ్ నుండి, అమెరికా నుండి సెలవులకు వచ్చిన బంధువులు తెచ్చే మిఠాయి డబ్బాలు కూడా ఉంటాయి. వాటిని పిల్లలకు చూపించి, ఏ దేశంవారు ఏ పండుగకు చేసుకుంటారో చెప్పి, రుచి చూపించడం మంచిదే. అయితే వాటిలో చాలావరకు పెద్దల పళ్ళను దృష్టిలో పెట్టుకొని చేసినవని తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. చక్కెర ఎక్కువన్న సంగతి అందరికీ తెలుసు. చిన్నబిడ్డకు అంతకంటే వెంటనే వచ్చే ప్రమాదం, మిఠాయి గొంతుకు అడ్డుపడటం.

ఎందుకు అడ్డుపడుతుంది?

నమలడానికి పనికివచ్చే దవడ పళ్ళు బిడ్డకు ఏడాది దాటాక మొదలై, సుమారు మూడేళ్ళకు పూర్తవుతాయి. పళ్ళు వచ్చినా గట్టి గింజను మెత్తగా నమిలి మింగే నేర్పు రావడానికి ఇంకా సమయం పడుతుంది. పైగా వారి శ్వాసనాళం చాలా సన్నం. నోట్లో మిఠాయి పెట్టుకొని పరుగెత్తినా, నవ్వినా, ఏడ్చినా అది ఊపిరి వెళ్ళే దారిలో పడవచ్చు.

ఏ మిఠాయితో ఏ జాగ్రత్త?

గింజలు: స్పెయిన్‌లో క్రిస్మస్‌కు తినే టుర్రోన్ రెండు రకాలు. అలికాంతే రకం మన పల్లీ పట్టిలా గట్టిగా, బాదం గింజలతో ఉంటుంది. హిహోనా రకంలో బాదం నూరి కలుపుతారు కాబట్టి మెత్తగా ఉంటుంది. ఐదేళ్ళలోపు పిల్లలకు మొదటిది పెట్టవద్దు. ఏడాది దాటినవారికి రెండవది చిటికెడు పెట్టవచ్చు. మన పల్లీ పట్టికీ, జీడిపప్పు పాకానికీ ఇదే నియమం. గల్ఫ్ ఖర్జూరాలు ఇచ్చేముందు గింజ, లోపల కూరిన బాదం తీసి, సన్నగా తరగండి.

జిగురు: జపాన్‌లో నూతన సంవత్సరానికి బియ్యంతో చేసే మోచి సాగే పదార్థం. అది గొంతులో అడ్డుపడి అక్కడ పెద్దవయసువారు కూడా మరణించిన సంఘటనలున్నాయి. చిన్నపిల్లలకు పెట్టకపోవడమే మేలు. టర్కీ లోకుమ్‌ను గోరంత ముక్కలుగా కోయాలి.

లోపల దాచిన వస్తువులు: మెక్సికోలో జనవరి 6న తినే రోస్కా అనే తీపి రొట్టెలో చిన్న బొమ్మను, ఫ్రాన్స్‌లో ఆ పండుగకు చేసే గాలెట్‌లో పింగాణీ బొమ్మను దాచుతారు. బ్రిటన్ క్రిస్మస్ పుడ్డింగ్‌లో నాణెం పెట్టే ఆచారం ఉంది. పిల్లల ముక్కను ముందు మీరు విడదీసి చూడండి. పుడ్డింగ్‌లో, కొన్ని కేకులలో, చాక్లెట్లలో బ్రాందీ లేక రమ్ము కూడా ఉంటుంది. డబ్బామీద చదవండి.

తేనె: జర్మనీ లేబ్‌కూకెన్‌లో, టుర్రోన్‌లో తేనె ఉంటుంది. ఏడాదిలోపు బిడ్డకు తేనె ఏ రూపంలోనూ పెట్టరాదు. అందులో ఉండగల బొట్యులినం అనే క్రిమి బీజాలు బిడ్డ పేగులో పెరిగి విషాన్ని పుట్టిస్తాయి. మలబద్ధకం, పాలు సరిగా చీకకపోవడం, ఏడుపు సన్నగిల్లడం, కనురెప్పలు వాలడం, మెడ నిలవకపోవడం దీని లక్షణాలు. ఇంటి వంట వేడికి ఈ బీజాలు చావవు. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటును అమ్మమ్మలు, నాయనమ్మలు మానుకోవాలి.

ఎలా పంచాలి?

రెండేళ్ళలోపు బిడ్డలకు చక్కెర కలిపినవి అసలు అలవాటు చేయకండి. పెద్దపిల్లలకు భోజనం తర్వాత ఒక ముక్క చాలు. రోజంతా కొంచెం కొంచెంగా చప్పరిస్తే పళ్ళు త్వరగా పుచ్చుతాయి. కూర్చోబెట్టి, పెద్దవారు దగ్గరుండి తినిపించాలి. కొత్త గింజల మిఠాయి తిన్నాక దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

అడ్డుపడితే ఏం చేయాలి?

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక, పెదవులు నీలమైతే ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా తట్టండి. బయటికి రాకపోతే, ఏడాది దాటిన బిడ్డకు వెనుకనుండి పట్టుకొని బొడ్డుకు కొంచెం పైన లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కరాదు, రొమ్ము మధ్య 5 సార్లు నొక్కాలి. వస్తువు వచ్చేవరకు ఇలా మార్చి మార్చి చేయండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని వస్తువుకోసం నోట్లో వేలు పెట్టవద్దు, అది ఇంకా లోపలికి పోతుంది. బిడ్డ స్పృహ తప్పితే 108 వారు ఫోనులో చెప్పే ప్రకారం చేయండి.

మరొక మాట. ఉక్కిరిబిక్కిరై, తర్వాత తేరుకున్న బిడ్డకు దగ్గు, పిల్లికూతలు తగ్గకపోతే అది జలుబు అనుకోకండి. గింజ ముక్క ఊపిరితిత్తులలోకి జారి ఉండవచ్చు. అది ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. గింజలు తింటూ ఉక్కిరిబిక్కిరైన సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతోనే చాలాసార్లు జబ్బు బయటపడుతుంది.