ఆర్సెనిక్ ఎంత ఉంది? ఏ రూపంలో ఉంది?



పోయిన ఎండాకాలం మేము మల్బరీ తోటలో కొత్త బోరు వేయించాము. వెయ్యి అడుగులు దాటినాక నీళ్ళు పడ్డాయి. తోటకు, పశువులకు, ఇంట్లో తాగడానికీ అవే నీళ్ళు. మా ఊరి దగ్గర పాతకాలం బంగారు గుంతలు ఉన్నాయి. బంగారం ఉండే రాళ్ళలో చాలా చోట్ల ఆర్సెనిక్, అంటే పాషాణం, కూడా ఉంటుంది. మన కర్ణాటకలోనే యాదగిరి జిల్లా కిరదళ్ళి తాండాలో బోరు నీళ్ళు తాగినవాళ్ళకు అరచేతులు, అరికాళ్ళు గట్టిపడి, ఒంటి మీద మచ్చలు వచ్చాయి. ఈ విషానికి రంగు లేదు, రుచి లేదు. కాచినా పోదు. అందుకే పరీక్ష చేయిద్దామనుకున్నాము.

*మేము చేసిన తప్పు*

పాత కూల్‌డ్రింక్ బాటిల్‌లో నీళ్ళు పట్టాము. గూళ్ళు మార్కెట్‌కు వేసే హడావుడిలో నాలుగు రోజులు షెడ్డులోనే పెట్టి, ఆ తర్వాత ల్యాబులో ఇచ్చాము. రిపోర్టు బాగానే వచ్చింది. సంతోషపడ్డాము. కానీ బాటిల్ చూసిన ల్యాబు మేడం, "అడుగున ఎర్రగా తుప్పు పేరుకుంది చూడండి. ఇనుము కిందికి దిగితే ఆర్సెనిక్‌ను కూడా పట్టుకుని దిగుతుంది. ఈ అంకె నమ్మొద్దు" అన్నారు. మళ్ళీ పట్టి ఇచ్చాము. ఈసారి తాగే నీళ్ళ హద్దు దాటింది. మొదటి కాగితం నమ్మి ఉంటే పిల్లలకు అవే నీళ్ళు తాగించేవాళ్ళం.

*రూపం ఎందుకు చూడాలి?*

లాటు ఎన్ని కిలోలో చెబితే చాలదు, రీలరు గూళ్ళు పట్టి చూసే ధర కడతాడు. ఇదీ అంతే. నీళ్ళలో ముఖ్యంగా రెండు రూపాలు ఉంటాయి. గాలి తగలని లోతు నీళ్ళలో, నీళ్ళు నిలిచిన మడిలో ఆర్సెనైట్ ఎక్కువ. దీనికి విషం ఎక్కువ, ఫిల్టర్‌కు సులభంగా చిక్కదు. గాలి ఆడే మట్టిలో ఆర్సెనేట్ ఎక్కువ. అది ఇనుము ఉన్న మట్టికి అంటుకుని ఉంటుంది. ఇవి కాక సముద్రపు చేపల్లో ఉండే ఆర్సెనోబీటైన్ అనే రూపానికి దాదాపు విషమే లేదు. మా బోరులో ఎక్కువ భాగం ఆర్సెనైటే అని తేలింది.

మొక్క వేరు ఆర్సెనేట్‌ను భాస్వరం వెళ్ళే దారిలోనే లోపలికి తీసుకుంటుంది. చాలా మొక్కల్లో ఎక్కువ భాగం వేరులోనే ఆగిపోతుంది. మల్బరీకి మనం నీళ్ళు నిలవనీయము, అది మంచిదే. అయినా పురుగు తినేది ఆకు కాబట్టి ఆకునూ పరీక్షించాలి. బెంగాల్‌లో మాల్దా, ముర్షిదాబాద్ పట్టుకు పేరున్న జిల్లాలు. ఆర్సెనిక్ బాధ ఉన్న జిల్లాలు కూడా అవే.

*శాంపిల్ ఇలా తీయండి*

1. నీళ్ళు: ట్యాంకు నుంచి కాదు, బోరు దగ్గరే పట్టాలి. మోటారు పది, పదిహేను నిమిషాలు నడిచినాక పట్టండి. బాటిళ్ళు ల్యాబు నుంచే తెచ్చుకోండి. రూపం చూడాలంటే అక్కడికక్కడే వడకట్టి, వాళ్ళిచ్చిన యాసిడ్ చుక్కలు వేసి, వెలుతురు తగలకుండా ఐసులో పంపాలి. లేకపోతే దారిలోనే ఆర్సెనైట్ ఆర్సెనేట్‌గా మారిపోతుంది.

2. మట్టి: తోటలో నాలుగైదు చోట్ల తీసి కలపండి. మొత్తం ఎంతో చూడటానికి నీడలో ఆరబెడితే చాలు. రూపం కావాలంటే తడిగానే, గాలి దూరకుండా బిగించి ఐసులో ఇవ్వాలి.

3. ఆకు: దుమ్ము పోయేలా కడగాలి. "రూపాలు కావాలి" అని ముందే చెప్పండి. ఘాటు యాసిడ్‌లో ఉడికిస్తే మొత్తం లెక్క వస్తుంది గానీ రూపాలు చెదిరిపోతాయి.

ల్యాబులో సన్నని గొట్టం గుండా పంపి రూపాలను విడదీసి, మిషన్‌తో ఒక్కోటి లెక్కిస్తారు. అన్ని ల్యాబుల్లో ఈ మిషన్ ఉండదు, ముందే అడగండి.

*హద్దులు*

తాగే నీళ్ళకు లీటరుకు 10 మైక్రోగ్రాములు. సాగు నీళ్ళకు 100. మాది ఈ రెండింటి మధ్య ఉంది. ఆ బోరు నీళ్ళు ఇప్పుడు తోటకే. తాగడానికి వేరే నీళ్ళు తెచ్చుకుంటున్నాము, పశువుల తొట్టికీ అవే. ఆకు రిపోర్టు ఇంకా రావాలి. రాగానే ఇక్కడే పెడతాము. అంతలోపు, కొత్త బోరు వేసినవాళ్ళు ఒకసారి పరీక్ష చేయించండి.