లెక్కల పట్టికను ఎన్ని భాగాలు చేయాలి?

సంఘంలో పాలు పోసిన ప్రతి పూటా సభ్యుని పేర ఒక పద్దు పడుతుంది. సభ్యత్వ సంఖ్య, తేదీ, పూట, లీటర్లు, వెన్న శాతం అందులో ఉంటాయి. కంప్యూటరులో ఈ పద్దు ఒక పట్టికలో ఒక వరుస. సమాచారాన్ని ఇలా పట్టికలుగా అమర్చే పద్ధతికి 1970లో ఇ.ఎఫ్. కాడ్ పునాది వేశారు.

200 మంది రెండు పూటలా పాలు పోసే సంఘంలో రోజుకు 400 వరుసలు, ఏడాదికి 1,46,000 వరుసలు చేరతాయి. అలాంటి సంఘాలు 1,000 ఉంటే పదేళ్ళలో 146 కోట్ల వరుసలవుతాయి. ఇంత పెద్ద పట్టికలో వెతుకులాట ఆలస్యమైతే బిల్లు ఆలస్యమవుతుంది. దాణా బాకీ తీర్చవలసిన రైతుకు అది చిన్న విషయం కాదు.

విభజన అంటే ఏమిటి?

మనం పాత రిజిస్టర్లను నెలకొకటిగా, అట్టమీద నెల పేరు రాసి బీరువాలో పెడతాము. మే నెల లెక్క కావాలంటే మే రిజిస్టరే తీస్తాము. పార్టిషనింగ్ అంటే ఇదే. పైకి పట్టిక ఒక్కటే. లోపల నెలవారీ భాగాలుంటాయి. తేదీ చెబితే కంప్యూటరు మిగతా భాగాలను తెరవదు. కాలం తీరిన నెలను తీసివేయడం కూడా సులభం. కోట్ల వరుసలను ఒక్కొక్కటిగా చెరిపే పని లేకుండా, ఆ భాగాన్ని విడదీస్తే సరిపోతుంది.

ఎక్కువ భాగాలు చేస్తే మంచిదా?

కాదు. నెలవారీగా అయితే పదేళ్ళకు 120 భాగాలు. రోజువారీగా అయితే 3,650కి పైనే. సభ్యునికొకటి చొప్పున చేస్తే రెండు లక్షలు! ప్రతి భాగం వివరాలనూ కంప్యూటరు గుర్తుంచుకోవాలి. అందుకు సమయము, జ్ఞాపకశక్తి ఖర్చవుతాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేసులో పట్టికను సూటిగా విభజించే సదుపాయం 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది. వేల భాగాలున్న పట్టికలను 2019 నాటి 12వ వెర్షన్ మునుపటికంటే బాగా నడిపిస్తుంది. అయితే, అడిగిన ప్రశ్న కొద్ది భాగాలతో తేలిపోయినప్పుడే ఆ ప్రయోజనం.

ఇక్కడే అసలు మెలిక ఉన్నది. తేదీ చెప్పకుండా సభ్యత్వ సంఖ్య మాత్రమే ఇస్తే, ఆ సభ్యుని కోసం 120 భాగాల సూచికలనూ వెతకాలి. విభజించని పట్టికలో ఒక్క సూచిక చూస్తే పని అయ్యేది. అంటే విభజనే నష్టమన్నమాట! కాబట్టి రోజూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఏదో చూసుకుని, దానినిబట్టే పట్టికను విభజించాలి. పాల బిల్లులు తేదీలనుబట్టి కట్టేవి గనుక నెలవారీ విభజన మనకు అనువైనది.

మరొక మాట. భాగాలు చేసినా అవన్నీ ఒకే యంత్రంలో ఉంటాయి. యంత్రం శక్తి చాలకపోతే, పట్టికను పలు యంత్రాలకు పంచడం వేరే ఏర్పాటు.

సభ్యులకు మనవి

బిల్లులో తేడా కనిపిస్తే సభ్యత్వ సంఖ్యతోపాటు తేదీ, పూట కూడా రాసి ఇవ్వండి. కార్యదర్శులు కూడా తేదీ లేని ఫిర్యాదును అలాగే పంపక, సభ్యుని అడిగి రాయించవలసినదిగా కోరుతున్నాము. తేదీ ఉంటే తెరవవలసిన రిజిస్టరు ఒక్కటే!