టార్చి ఉంటే సరిపోదు తమ్మీ!

పాడుబడ్డ గనుల్లోకి దూరే వీడియోలు చూసి ‘మనమూ వెళ్దాం రా’ అనుకున్నారా? మేమూ అనుకున్నాం. బీటెక్ ఫైనలియర్‌లో నేను, నా ఫ్రెండ్ వరంగల్ నుంచి బైక్ మీద ఇల్లెందు వెళ్లాం. 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది అక్కడే. మూతపడ్డ ఓ బాయి దగ్గర రిటైరైన కార్మికుడు ఒకాయన ఆపాడు.

‘‘తమ్మీ, టార్చి ఉంటే చీకటి పోతది. గాలి యాడికెళ్లి తెస్తవ్?’’

మా దగ్గర జవాబు లేదు. వెనక్కొచ్చి చదివితే ఒళ్లు జలదరించింది. వెంటిలేషన్ ఆగిన గనిలో బొగ్గే ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. బయట 21 శాతం ఉండేది లోపల 10 కంటే తగ్గితే స్పృహ తప్పుతుంది. ముందుగా వాసనేమీ రాదు. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. పడిపోయిన ఫ్రెండ్‌ కోసం లోపలికి పరిగెత్తితే పోయేది రెండు ప్రాణాలు.

కుతూహలం తప్పు కాదు, దాన్ని సరైన దారిలో పెట్టండి. మైనింగ్ ఇంజినీరింగ్ చదవడానికి మన కొత్తగూడెం ఉంది, ఐఐటీ ధన్‌బాద్ ఉంది. గేట్‌లో మైనింగ్‌కు ప్రత్యేక పేపరే ఉంది. ఈసీఈ, సీఎస్ఈ వాళ్లయితే గ్యాస్ సెన్సర్లు, గనుల మ్యాపింగ్ మీద ప్రాజెక్టు చేయొచ్చు.

ఆ ఏడాది మేం చేసింది గ్యాస్ అలారమే. ఇంటర్వ్యూలో నన్ను ఎక్కువసేపు అడిగింది కూడా దాని గురించే. లోపలికి దిగి ఉంటే ఆ ఇంటర్వ్యూ దాకా వచ్చేవాళ్లమో లేదో!