దంతాలపై గోధుమ మచ్చలు: చికిత్సకు ముందు

గోధుమ మచ్చల వలన నోరారా నవ్వలేనివారు కొందరు వాటిని మురికిగా భావించి ఇటుకపొడితో, బొగ్గుతో తోముతుంటారు. అవి మురికి కావు. బాల్యంలో ఎనామెల్ రూపొందే కాలాన అధిక ఫ్లోరైడు గల నీరు త్రాగినందునా ఇట్టి మచ్చలు ఏర్పడతాయి. నల్గొండను పీడించిన ఈ దోషం వేలూరు, తిరుపత్తూరు ప్రాంతాల కొన్ని బోర్లలోనూ ఉన్నది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. నీటిని కాచినా ఫ్లోరైడు పోదు.

పైపై మచ్చలను దంతవైద్యులు అతిస్వల్పంగా అరగదీసి తొలగించగలరు. లోతైనవాటిని పన్ను రంగు కాంపోజిట్‌తో కప్పుతారు. బ్లీచింగ్ మాత్రమే చేయిస్తే తెల్లమచ్చలు ఒక్కొక్కప్పుడు మరింత స్ఫుటమవుతాయి. వెనీర్ అతికించుటకు సాధారణంగా ఎనామెల్‌ను చెక్కవలసి ఉంటుంది. అది తిరిగి పెరగదు. పెళ్లిచూపుల తొందరలో మొదటే దానిని కోరరాదు.

ఇంట ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే బోరునీటికి బదులు కుళాయిలోని కావేరి నీటిని త్రాగించవలెను. 2019లో జోలార్పేట నుండి రైళ్లలో చెన్నైకి పంపినది ఆ కావేరి నీటినే.